త్వరపడు పిండి, త్వరపడని బిడ్డ

పరిశుద్ధ గ్రంథమున రెండు విధములైన రొట్టెలు కనబడుచున్నవి. ఒకటి కనిపెట్టుకొని యుండు రొట్టె. మరియొకటి త్వరపడు రొట్టె. మత్తయి సువార్త 13వ అధ్యాయమునందలి చిన్న ఉపమానములో ఒక స్త్రీ పుల్లని పిండిని మూడు కొలతల పిండిలో దాచిపెట్టెను. అటుపిమ్మట జరుగవలసిన పని ఆమె చేతులది కాదు, కాలముది. ఆదికాండము 18వ అధ్యాయములోనైతే అదే మూడు కొలతల పిండి వేరొక రీతిగా వాడబడినది. మండుటెండ వేళ అనుకోని అతిథులు ముగ్గురు రాగా, అబ్రాహాము గుడారములోనికి త్వరపడి పోయి, వెంటనే పిండి పిసికి రొట్టెలు చేయవలసినదని శారాకు చెప్పెను. అక్కడ పులియుటకు వ్యవధి లేదు. ఆ కొలత ఒక కుటుంబమునకు సరిపడునది కాదనియు, సుమారు నూరుమందికి చాలునంత గొప్పదనియు వ్యాఖ్యాతలు చెప్పుదురు. ఒక చోట ఓర్పు, ఒక చోట తొందర. ఈ రెంటిలో దేనిని గ్రంథము నిందింపలేదు.

ఈ రెండు రొట్టెల ప్రశ్న నేడు అనేక పట్టణ గృహములలో ఒక వింత రూపమున తిరిగి వచ్చుచున్నది. సెలవు దినపు సాయంకాలమున నాలుగైదేండ్ల బిడ్డ పిజ్జా కావలెనని అడుగును. అంగడినుండి తెప్పించుట సులభము. అయినను తల్లియో తండ్రియో అమ్మమ్మయో ఇంటనే చేయుదమని తలంచి, గంటల తరబడి పులియబెట్టకుండ, పెరుగుతోను బేకింగ్ పౌడరుతోను అప్పటికప్పుడు పిండి కలుపుటకు పూనుకొందురు. అంతలో బిడ్డ పీట లాగుకొని వచ్చి, “నేనూ కలుపుతాను” అనును. అప్పుడు ఆ వంటింట రెండు కాలములు ఎదురుపడును. ఒకటి త్వరపడు పిండి యొక్క కాలము. రెండవది త్వరపడని బిడ్డ యొక్క కాలము. వీటిలో దేనికి దేనిని లోబరచవలెను? పనిని పెంచునట్టి సాయమును సాయమని పిలుచుట సత్యమేనా? ప్రశ్న చిన్నదిగా కనబడును. కాని మనుష్యుడు ఇతరుల కాలమును ఎట్లు ఎంచుచున్నాడను గొప్ప ప్రశ్న దీని క్రింద దాగియున్నది.

మొదట ఆ వంటకమును గూర్చి కొంత తెలిసికొనుట మేలు. పిజ్జా అను మాట ఇటలీ దేశమున గయేతా పట్టణమునకు చెందిన క్రీ.శ. 997 నాటి లాటిను పత్రములో కనబడుచున్నది. నేడు లోకమెరిగిన రూపము నేపుల్సు నగరపు వీధులలో, బీదల ఆహారముగా ఏర్పడినది. పిండి, నీరు, ఉప్పు, ఈస్టు అను నాలుగే దానికి పునాది. నేపుల్సు సంప్రదాయము చొప్పున ఆ పిండిముద్ద కనీసము ఎనిమిది గంటలు పులియవలెను; కాలుటకు మాత్రము కట్టెల పొయ్యిలో 60 మొదలు 90 సెకనులు చాలును. ఆ వంటవారి కళను 2017లో యునెస్కో సంస్థ మానవజాతి వారసత్వపు పట్టికలో చేర్చినది. దినములో మూడవ వంతు నిరీక్షణ, ఒకటిన్నర నిమిషము అగ్ని: ఇదియే ఆ రొట్టె యొక్క చరిత్ర.

ఆ నిరీక్షణలో ఏమి జరుగుచున్నది? గోధుమపిండి తడిసినప్పుడు దానిలోని మాంసకృత్తులు ఒకదానితో నొకటి పెనవేసికొని, సాగునట్టి వలగా ఏర్పడును. దీనికి గ్లూటెను అని పేరు. ఈస్టు అనునది కంటికి కనబడని సజీవ కణముల సమూహము. ఆ కణములు పిండిలోని చక్కెరను తిని కార్బన్ డయాక్సైడ్ వాయువును విడుచును. ఆ వాయువు గ్లూటెను వలలో చిక్కుకొని ముద్దను పొంగించును. పులియుట జీవముగల వాటి పనియని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లూయీ పాశ్చరు 1857 మొదలుకొని చేసిన పరిశోధనలు స్థాపించినవి. తెలుగు గృహిణికి ఇది క్రొత్త సంగతి కాదు. రాత్రి రుబ్బియుంచిన ఇడ్లీపిండి ఉదయమున మూత తీయగానే పొంగియుండుట ఆమె ఎన్నడో చూచినది. చలికాలమున అది ఆలస్యము చేయుననియు, వేసవిలో తొందరపడి మిక్కిలి పులిసిపోవుననియు ఆమె ఎరుగును. తెలుగుభాష ఈ కార్యమునకు రెండు మాటలు కలిగియున్నది. పులియుట నాలుక ఎరుగునది. పొంగుట కన్ను ఎరుగునది.

అప్పటికప్పుడు చేయు పిండి పొంగును గాని పులియదు. దాని విధానము మిక్కిలి సులభము. రెండు కప్పుల మైదాపిండిలో రెండు చిన్న చెంచాల బేకింగ్ పౌడరు, అర చెంచా ఉప్పు వేసి కలిపి, రెండు పెద్ద చెంచాల నూనెయు, పిండి పీల్చుకొన్నంత పుల్లని పెరుగును చేర్చి మెత్తగా పిసుకుదురు. పెరుగు ముప్పాతిక కప్పు మొదలు ఒక కప్పు వరకు పట్టును. ముద్దపై తడిబట్ట కప్పి పది నిమిషములు ఉంచి, చపాతీకంటె దళసరిగా వత్తుదురు. ఓవెను లేని ఇంట దళసరి పెనముపై సన్నని సెగను ఒకవైపు కాల్చి, త్రిప్పి, కాలిన వైపున టమాటా గుజ్జు, కూరగాయ ముక్కలు, చీజు వేసి, చీజు కరుగువరకు మూతపెట్టుదురు. బేకింగ్ పౌడరులో సోడా ఉప్పును, దానితో కలిసి పనిచేయు ఆమ్లపదార్థమును పొడిగా కలిసియుండును. తడి తగిలినపుడును వేడి తగిలినపుడును ఆ రెండును కలియగా, ఈస్టు గంటలలో ఇచ్చు వాయువునే నిమిషములలో ఇచ్చును.

ఈ పొడి పుట్టుక ఆలోచింపదగినది. ఇంగ్లండులోని బర్మింగ్‌హాము పట్టణమున మందుల వ్యాపారియైన ఆల్ఫ్రెడ్ బర్డ్ అను నతడు 1843లో దీనిని తయారుచేసెను. అతని భార్యకు ఈస్టు పడదు. ఈస్టుతో చేసిన రొట్టె తినలేని ఆమె కొరకు అతడు ఈస్టు లేని రొట్టెకు మార్గము వెదకెను. కాలము మిగుల్చుకొనుట అతని మొదటి తలంపు కాదు. బల్లయొద్ద ఒకరు రొట్టె లేక కూర్చుండకూడదనుటయే ఆ తలంపు. తరువాత లోకము ఆ పొడిలో త్వరను మాత్రమే చూచెను. ప్రేమనుండి పుట్టిన వస్తువు తొందరకు సేవకురాలగుట చరిత్రలో తరచుగా జరుగుచున్న సంగతియే.

కాబట్టి త్వర తనంతట తాను పాపము కాదు, పుణ్యమును కాదు. త్వరవలన మిగిలిన కాలము ఎవరి చేతికి పోవుచున్నది అను దానినిబట్టియే త్వరకు నీతి ఏర్పడును. శారా త్వరపడినది ఎండలో నడచివచ్చిన బాటసారుల నిమిత్తము. అక్కడ మిగిలిన ప్రతి క్షణము ఆకలిగొన్నవారికి చేరెను. ఇంగ్లండులోని చార్లీవుడ్ అను ఊరిలో 1961లో పరిశోధకులు పిండిని యంత్రముతో అతివేగముగా చిలికి, రొట్టె పులియు కాలమును గంటలనుండి నిమిషములకు తగ్గించు పద్ధతి కనుగొనిరి. అందువలన రొట్టె చౌకయై అనేకులకు అందెను, అది మేలు. అయితే అక్కడ మిగిలిన కాలము ముఖ్యముగా కార్ఖానాకు చేరినది. వంటింట అరగంటలో పిండి సిద్ధపరచిన తల్లి తనకు మిగిలిన గంటలను ఎవరికి ఇచ్చుచున్నది? ఆ కాలము బిడ్డకు చేరినయెడల ఆ త్వర ధన్యమైనది. పిండిని త్వరపరచి బిడ్డను కూడ త్వరపరచినయెడల మిగిలినదేమియు లేదు.

ఇక బిడ్డ పని ఎట్టిదో చూడవలెను. నాలుగేండ్ల చేతులు కప్పుతో పిండి కొలుచునప్పుడు సగము పళ్లెములోను సగము నేలపైనను పడును. పెరుగు పోయగానే వ్రేళ్లకు జిగట అంటును. బిడ్డ ఆ వ్రేళ్లను విడదీసి చూచుకొనుచు పని మరచిపోవును. పిసుకుమనిన ముద్దను గ్రుద్దును, చీల్చును, పామువలె చేయును. వత్తుమనిన దానిని ఏ దేశపటములోను లేని ఆకారముగా వత్తును. పది నిమిషముల పని నలువది నిమిషములగును. తరువాత నేల తుడుచుట వేరు. లెక్క చూచువారికి ఇందు నష్టమే గాని లాభము కనబడదు. అయితే ఆ బిడ్డకు బొమ్మపొయ్యి ఇచ్చి ఒక మూల కూర్చుండబెట్టినయెడల, కొంతసేపటికి అది విడిచి తిరిగి నిజమైన పిండియొద్దకే వచ్చును.

ఈ సంగతిని శ్రద్ధగా గమనించినవారిలో ఇటలీ దేశస్థురాలును వైద్యురాలునైన మరియా మాంటిస్సోరి ముఖ్యురాలు. 1907 జనవరి 6వ తేదీన రోమా నగరములోని సాన్ లోరెంజో అను బీదలపేటలో ఆమె చిన్నపిల్లల గృహమును తెరచెను. ఊడ్చుట, కడుగుట, వడ్డించుట వంటి నిజమైన పనులు తమ కొలతకు తగిన సాధనములతో అప్పగింపబడినపుడు, పిల్లలు ఆటవస్తువులను విడిచి వాటినే కోరుచున్నారని ఆమె చూచెను. 1939లో ఆమె మద్రాసు నగరపు అడయారుకు వచ్చి, యుద్ధకాలమంతయు భారతదేశములో నుండి అనేక ఉపాధ్యాయులకు ఆ పద్ధతి నేర్పెను. పెద్దవారు ఫలితము కొరకు పనిచేయుదురనియు, బిడ్డ పనివలన తానే రూపొందుచున్నాడనియు ఆమె గ్రహించిన భేదము ఈ ప్రశ్నకు తాళపుచెవి వంటిది. తల్లి చేతిలో పిండి రొట్టె యగుచున్నది. బిడ్డ చేతిలో ఆ పిండివలన బిడ్డయే మనుష్యుడగుచున్నాడు. ఈ రెండు పనులును ఒకే పళ్లెములో జరుగుచుండుటచేత ఒకదాని గడియారముతో రెండవదానిని కొలుచుట తగదు.

ఇక్కడ రెండు ఆక్షేపణలు వచ్చును. మొదటిది: అప్పటికప్పుడు పొంగు పిండితో బిడ్డకు నేర్పునది అసహనమే కాదా? తన చేయి ఆగినతరువాతను పని సాగునను మర్మము బిడ్డ ఎప్పుడు నేర్చుకొనును? మార్కు సువార్త 4వ అధ్యాయములోని రైతు నిద్రించుచుండగా అతనికి తెలియని విధముగా విత్తనము మొలకెత్తి పెరుగును. పులియు పిండి అట్టి పాఠమునే వంటింట చెప్పును. ఆ పాఠమును అరగంట పిండి చెప్పజాలదు.

ఈ ఆక్షేపణలో సత్యము కలదు. దానిని తేలికగా త్రోసివేయరాదు. అయినను త్వరపడు పిండిని దగ్గరగా చూచినయెడల దానిలోను నిరీక్షణ దాగియున్నదని తేటపడును. ఆ పెరుగు నేడు పుట్టినది కాదు. నిన్నటి రాత్రి ఎవరో పాలు కాచి, గోరువెచ్చగా ఆరబెట్టి, తోడువేసి, కదపకుండ ఒక మూల ఉంచిరి. ఇంట ఎల్లరు నిద్రించుచుండగా అది తోడుకొన్నది. గోధుమ నెలల తరబడి పొలములో నిలిచినది. చీజు తయారగుటకును కాలము పట్టినది. కనుక త్వరగా చేయబడునదంతయు ఇతరుల నిరీక్షణపై నిలిచియున్నది. వివేకముగల తల్లి ఈ మాటను బిడ్డకు చెప్పకుండ ఉండదు. రాత్రి తోడువేయునప్పుడు బిడ్డ చేతనే ఆ చెంచాను పాలలో ముంచించినయెడల, మరునాటి తొందరపిండి కూడ ఓర్పు పాఠమగును. తొందరలోని దోషము వేగము కాదు, ఇతరులు కనిపెట్టుకొని యుండిన కాలమును మరచుటయే.

రెండవ ఆక్షేపణ ఇంతకంటె కఠినమైనది. బిడ్డ సాయము నిజముగా సాయము కాదు గదా. అతడు లేనియెడల పని త్వరగా ముగిసియుండును. అట్టివానిని “నీవే చేసితివి” అని మెచ్చుకొనుట ప్రేమ వేషము ధరించిన అబద్ధము కాదా? అనేక గృహములలో జరుగునది ఇదియే. బిడ్డ వంకరగా వత్తిన ముక్కను అతడు అటు తిరుగగానే పెద్దవారు చుట్టి, మరల గుండ్రముగా వత్తి, కాల్చి, ఇదిగో నీ రొట్టె యని ముందు పెట్టుదురు. బిడ్డ దానిని ఆశ్చర్యముతో చూచును. ఒక్కొక్కప్పుడు అనుమానముతోను చూచును. తన వంకర ఆకారము ఎక్కడ పోయెనో అతనికి తెలియును, గాని చెప్పజాలడు.

ఇందులో రెండు తప్పులున్నవి. ఒకటి సత్యమునకు విరోధమైనది: బిడ్డ చేయనిదానిని బిడ్డదని చెప్పుట. రెండవది బిడ్డకు విరోధమైనది: అతడు చేసినదానిని పనికిరానిదిగా ఎంచి రహస్యముగా పారవేయుట. ఈ రెంటినుండి తప్పించుకొను దారి ఒక్కటే. చేసినంతమట్టుకు చేసెనని చెప్పి, చేసినదానిని ఉన్నదున్నట్లు కాల్చవలెను. బిడ్డ కొలిచినయెడల “కొలిచావు” అనవలెను; పిసికినయెడల “పిసికావు” అనవలెను. వంకర రొట్టె వంకరగానే పళ్లెములోనికి రావలెను. అది ఒక అంచున దళసరిగా ఉండి మెత్తగా మిగులును; పలుచని అంచు మాడును. దళసరి భాగము ఎందుకు ఉడుకలేదని బిడ్డ అడిగినప్పుడు అతడు రొట్టెను గూర్చి మొదటి సత్యమును నేర్చుకొనును. గుండ్రని అబద్ధము వలన నేర్చుకొనగలిగినది ఏదియు లేదు.

అట్లే ఆ సత్యమునకు హద్దులు కూడ కలవు. పచ్చిపిండిలో హానికరమైన సూక్ష్మక్రిములు ఉండవచ్చును. వేడివలననే అవి నశించును. గనుక పచ్చి ముద్దను బిడ్డ నోట పెట్టుకొననీయరాదు. పని ముగియగానే చేతులు కడిగించవలెను. పొయ్యిదగ్గరకు, కాలిన పెనముదగ్గరకు రానీయరాదు. “నీవు అన్నియు చేయవచ్చును” అని పలుకు తల్లికంటె, “ఇంతవరకు నీది, ఇక్కడనుండి నాది” అని పలుకు తల్లి బిడ్డను ఎక్కువగా గౌరవించుచున్నది. హద్దు చెప్పబడిన చోటనే అప్పగింపబడిన భాగము నిజముగా అతనిదగును. సృష్టికర్త మొదటి మనుష్యునికి తోటను సేద్యపరచు పనినిచ్చినప్పుడు ఆయనకు సహాయము కొరత యుండినదని ఏ వేదాంతియు చెప్పలేదు. అవసరము లేని సహాయమును నిజమైన పనిగా అప్పగించుట కృప యొక్క స్వభావము. అయినను ఆ తోటలోను హద్దు ఉండెను.

ఇంతవరకు చెప్పబడినది ఇంటిలోని బిడ్డను గూర్చి. అయితే పిండిలో చేతులు పెట్టిన బిడ్డ వేరొకడును కలడు. తెల్లవారుజామున రహదారి ప్రక్క హోటలులో పూరీపిండి పిసుకు పదేండ్ల బాలుని చేతులకును అదే పిండి అంటియున్నది. ఇంటి బిడ్డ పిసికినప్పుడు ముద్దొచ్చు దృశ్యము అక్కడ ఎందుకు సిగ్గుపడవలసినదగుచున్నది? పని ఒకటే, వయస్సులోను గొప్ప దూరము లేదు. భారత ప్రభుత్వము 1986లో బాలకార్మిక నిషేధ నియంత్రణ చట్టము చేసినది. 2006 అక్టోబరు 10వ తేదీనుండి పదునాలుగేండ్ల లోపు పిల్లలను ఇండ్లలో పనివారుగాను, హోటళ్లలోను, ధాబాలలోను పెట్టుకొనుట నిషేధింపబడినది. 2016 సవరణచేత ఆ వయస్సువారిని ఏ ఉద్యోగములోను పెట్టుకొనరాదని విధింపబడినది. బడివేళలు గాక, సెలవులలోను కుటుంబమునకు తోడ్పడుట మాత్రము కొన్ని షరతులతో అనుమతింపబడినది. చట్టము కాగితముపై నిలిచినంత దృఢముగా వీధిలో నిలువలేదు.

ఈ ఇద్దరు పిల్లల మధ్య భేదమును చట్టము వయస్సుతోను స్థలముతోను కొలుచును. నీతిశాస్త్రము ఇంకను లోతుగా చూడవలెను. కూలి ఒక భేదమే గాని ముఖ్యమైనది కాదు. ఎక్కువ కూలి ఇచ్చినంత మాత్రమున హోటలు బాలుని స్థితి న్యాయమగుట లేదు. పనిలోని కష్టము కూడ పూర్తి సమాధానము కాదు. అసలు భేదము ఆలస్యమునకు గల హక్కు. ఇంటి బిడ్డ పిసుకుట ఆపి తన జిగట వ్రేళ్లను చూచుకొనవచ్చును. హోటలు బాలుడు చూచుకొనరాదు. ఇంటి బిడ్డ విసిగినయెడల చేతులు దులుపుకొని పోవచ్చును. హోటలు బాలుడు పోరాదు. ఇంటి బిడ్డ వత్తినది వంకరయైనను అది అతని పళ్లెములోనికి వచ్చును. హోటలు బాలుడు వత్తిన పూరీ ఇతరుల పళ్లెమునకు పోవును, వంకరయైనయెడల అతనికి తిట్లు వచ్చును. బాల్యమనగా మెల్లగా ఉండుటకు అనుమతి. ఆ అనుమతి తీసివేయబడిన చోట బిడ్డ శరీరము మిగులును గాని బాల్యము మిగులదు.

నిర్గమకాండము ఈ సత్యమును ఒక జనాంగముయొక్క చరిత్రలో చూపుచున్నది. 5వ అధ్యాయములో ఐగుప్తు అధికారులు దాసులకు గడ్డి ఇచ్చుట మాని, ఇటుకల లెక్క మాత్రము తగ్గింపరాదని ఆజ్ఞాపించిరి. దాసునికి తనదైన కాలము లేదు. ఇదియే దాస్యము యొక్క సారము. 12వ అధ్యాయములో అదే ప్రజలు పులియని పిండిముద్దను పిసుకు తొట్లతో కూడ బట్టలలో మూటగట్టి భుజములపై పెట్టుకొని బయలుదేరిరి. పులియుటకు వ్యవధి లేకపోయెను. అది తొందర రొట్టెయే. కాని ఆ తొందర యజమానునికి లోబడినది కాదు. యజమానుని తొందరనుండి వారిని విడిపించునది. తొందరపెట్టబడు బ్రతుకును విడుచుటకు పడిన తొందర అది.

యూదులు నేటివరకు ఆ రొట్టెను పస్కాపండుగలో చేయుచున్నారు. పిండికి నీరు తగిలినది మొదలు పదునెనిమిది నిమిషములలోగా అది పొయ్యిలో కాలవలెనని వారి పెద్దల నియమము. అంత తొందరగా కాల్చబడిన రొట్టె ముందు పెట్టుకొని, ఆ రాత్రి భోజనమునకు వారు ఎంత మాత్రము తొందరపడరు. ఇంటిలో చిన్నవాడు లేచి, ఈ రాత్రికిని ఇతర రాత్రులకును గల భేదమేమని ప్రశ్నలు అడుగును. పెద్దలు మొదటినుండి కథ చెప్పుదురు. పిల్లలు అడుగుదురనియు, వారికి ఉత్తరము చెప్పవలెననియు ఆ 12వ అధ్యాయమే ముందుగా ఏర్పరచియున్నది. రొట్టెకు పదునెనిమిది నిమిషములు, బిడ్డ ప్రశ్నకు రాత్రియంతయు: ఇంతకంటె స్పష్టమైన కొలత వంటింటి నీతికి దొరకదు.

చివరిగా ఒక హెచ్చరిక అవసరము. కుటుంబమంతయు కలిసి పిండి పిసికినంత మాత్రమున ఆ గృహము పరిశుద్ధమగునని తలంచరాదు. యిర్మీయా గ్రంథము 7వ అధ్యాయమున ఒక ఆశ్చర్యమైన కుటుంబము కనబడును. పిల్లలు కట్టెలు ఏరుదురు, తండ్రులు అగ్ని రాజబెట్టుదురు, స్త్రీలు పిండి పిసుకుదురు. ఐకమత్యమునకు ఇంతకంటె అందమైన చిత్రము లేదు. అయితే వారు చేయుచున్న పిండివంట విగ్రహము నిమిత్తమైనది. అదే అధ్యాయములో ప్రవక్త పరదేశులను, తండ్రిలేనివారిని, విధవరాండ్రను బాధింపకుడని ఆ జనులను బ్రతిమాలుచున్నాడు. ఇంటిలోని ప్రేమ గుమ్మము దాటనప్పుడు అదియే ఒక విగ్రహమగును. తన బిడ్డ పిండితో ఆడుకొనుటను చూచి మురిసి, అదే సాయంకాలము అంట్లు తోమవచ్చిన పరుల బిడ్డను చూడని గృహము యిర్మీయా చూచిన గృహమునకు దూరముగా లేదు. ఆ సాయంకాలపు దృశ్యమును ఇతరులకు చూపించుకొనుటకై బిడ్డను మరల మరల నిలువబెట్టి చిత్రములు తీయు తొందర కూడ అట్టి చిన్న విగ్రహమే. అక్కడను బిడ్డ ఆలస్యమునకు చోటు లేదు.

కావున వంటింట ఎదురుపడిన ఆ రెండు కాలములను గూర్చి ఇట్లు నిర్ణయింపవచ్చును. పిండిని త్వరపెట్టుట న్యాయమే. పిండికి బాల్యము లేదు. బిడ్డను త్వరపెట్టుట న్యాయము కాదు. వ్యవధి చాలని దినమున ఆ పనిలోనికి బిడ్డను పిలువకుండుటయే యథార్థత. పిలిచి విసుగుకొనుటకంటె అది మేలు. పిలిచినప్పుడు మాత్రము నలువది నిమిషములను ముందుగానే అతని పేర వ్రాసియుంచవలెను. అతని పనిని ఉన్నదానికంటె గొప్పగా చెప్పరాదు, తక్కువగా ఎంచరాదు. ఇంటి బిడ్డకు ఇచ్చు ఈ ఆలస్యపు హక్కు ఇంటికి పనికి వచ్చు వారి పిల్లలకును, హోటలు వెనుక పిండి పిసుకు బాలునికిని దేవుని యెదుట సమానమైన హక్కే యని ఒప్పుకొనవలెను. ఒప్పుకొన్నవారు అట్టి బిడ్డ చేసిన రొట్టెను తెలిసి కొనరు. అట్టి బిడ్డను బడికి చేర్చు ప్రయాసమునుండి తప్పించుకొనరు.

శారా పిసికినది తన ఇంటివారికి మించిన పిండి. ఉపమానములోని స్త్రీ దాచినది కూడ తన ఇంటికి మించిన పిండియే. రెండు కప్పుల మైదాతో చేసిన వంకర రొట్టె అంతమందికి చాలదు. అయినను దానిని కోయునప్పుడు ఒక ముక్క ప్రక్కకు తీసి ఎవరికి ఇవ్వవలెనని బిడ్డను అడుగవచ్చును. బిడ్డ ఆలోచించుటకు కొంతసేపు పట్టును. రొట్టె చల్లారుచున్నను అతడు ఉత్తరము చెప్పువరకు ఆగవలెను.